ఒకే ఇంటి నుంచి రెండు సెలవు చీటీలు

పోయిన వారం ఆమెను ప్రిన్సిపల్ గది గుమ్మం ముందు నిలబెట్టి వచ్చాం. ఇంకా అక్కడే ఉంది. ఒంటి మీద బిస్కెట్ ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన నీలం కోటు, పక్కన తొమ్మిదో తరగతి చదివే పెద్దకూతురు. పిల్లలిద్దరినీ అయిదు రోజులు బడి మాన్పించి సముద్రం చూపించుకొచ్చిన నేరానికి వచ్చిన పిలుపు ఇది. రెండో తరగతి చదివే చిన్నదాని ఊసు ఎవరూ ఎత్తలేదు. పెద్దదానికి మాత్రం హాజరు మూడు రోజులు తగ్గిందట, ఏడాది పరీక్షకు కూర్చోబెట్టేది లేదని కబురు పెట్టారు. పరీక్ష పోతే మళ్లీ తొమ్మిదే.

ఫ్యాక్టరీలో ఆమెను అందరూ డేగ అంటారు. బెల్టు మీద పొట్లాలు పరుగులు తీస్తుంటే వాటి మీద తేదీ ముద్ర సరిగ్గా పడిందో లేదో చూసి, పడనిదాన్ని చటుక్కున లాగెయ్యడం ఆమె పని. పొట్లం నిలువుగా వచ్చినా, అడ్డంగా వచ్చినా, తలకిందులుగా వచ్చినా ఆ కన్ను దాటి పోలేదు. పన్నెండేళ్లుగా అదే పని. తిన్నగా ఉన్న అక్షరం కంటే తిరగబడ్డ అక్షరమే ఆమెకు ఎక్కువ చుట్టం.

ఆ ఫ్యాక్టరీలో అడిగినప్పుడు సెలవు దొరకదు. ఏడాదికొకసారి బాయిలర్ ఆపి లోపల పేరుకున్న మడ్డి గీకి కడుగుతారు. ఆ ఒక్క వారమే అందరికీ సెలవు. ఆ వారం ఎప్పుడూ బళ్లు నడుస్తున్న రోజుల్లోనే వస్తుంది. ఎందుకంటే పిల్లలకు సెలవులున్నప్పుడే జనం బిస్కెట్లు ఎక్కువ కొంటారు, అప్పుడు బాయిలర్ ఆపితే యజమానికి నష్టం. ఊళ్లో పిల్లలు సెలవుల్లో బిస్కెట్లు నములుతుంటే, వాటి మీద ముద్రలు చూసే తల్లుల పిల్లలు తాళం వేసిన ఇంట్లో కూర్చుంటారు. ఎవరూ ఆలోచించని ఏర్పాటు ఇది, ఆలోచించాల్సిన వాళ్లకు దీనితో ఇబ్బంది లేదు గనక.

మొగుడు సిటీ బస్సు డ్రైవరు. డిపోలో బడిసెలవుల నెలను సీనియర్లు పంచేసుకుంటారు. మిగిలినవాళ్లకు జాబితాలో పేరు ఎప్పుడొస్తే అప్పుడే. తొమ్మిదేళ్లలో మొదటిసారి, సరిగ్గా బాయిలర్ కడిగే వారానికి తన పేరు వచ్చిందని చెప్పాడు. ఆ మాట చెప్పడానికి ఆమెను నిద్ర లేపాడు.

మామూలుగా లేపడు. వాళ్లిద్దరూ ఒకే ఇంట్లో కాపురం చేస్తారన్న మాటే గానీ, మాట్లాడుకునేది తలుపు వెనక వేలాడే పలక మీద. ఒకరు డ్యూటీకి పోతుంటే ఇంకొకరు నిద్రలో ఉంటారు. ‘గ్యాస్ అయిపోయింది.’ ‘చిన్నదాని చెప్పు తెగింది.’ ఇలా సాగుతుంది సంసారం. ప్రయాణానికి ముందు ఆమె పలక మీద ‘బడికి సెలవు చీటీ’ అని రాసింది. తనకు గుర్తుండాలని రాసుకుంది. డ్రైవరు అది తనకు పురమాయించిన పని అనుకున్నాడు. ఆమె రాసిన చీటీని పెద్దకూతురు తీసుకెళ్లి ఆఫీసులో ఇచ్చింది. అతను రాసిన చీటీ, రోజూ తన బస్సే ఎక్కే బడి అటెండరు చేతికి డ్రైవరు కిటికీలోంచి వెళ్లింది.

ఇప్పుడా రెండు చీటీలూ ప్రిన్సిపల్ మేడమ్ బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి.

“కూర్చోండమ్మా,” అంది మేడమ్. కుర్చీ ఒక్కటే ఉంది. డేగ కూర్చుంది. పెద్దది కుర్చీ వెనక నిలబడింది. గుమ్మం దగ్గర అటెండరు చేతులు కట్టుకుని, రెండో చీటీ తెచ్చిన పాపం తన మెడకెక్కడ చుట్టుకుంటుందోనని నిలబడ్డాడు.

“ఇది మీ దస్తూరేనా?”

“నాదే.”

“చదవండి.”

“రాసింది నేనే కదా మేడమ్, తెలుసు.”

“మీ అమ్మాయి కూడా వినాలి. చదవండి.”

డేగ చీటీ చేతిలోకి తీసుకోకుండానే చదివింది. “మా పిల్లలు సముద్రం చూడలేదు. నాకూ మా ఆయనకూ ఒకేసారి సెలవు దొరికింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా సముద్రం చూపించడానికి తీసుకుపోతున్నాం. సెలవు ఇవ్వగలరు.”

“ఇప్పుడిది.” మేడమ్ రెండో చీటీ ముందుకు తోసింది. ట్రిప్ షీటు వెనక వైపు, బస్సు కుదుపుల మధ్య రాసినట్టు వంకర టింకర అక్షరాలు. దాన్ని మేడమే చదివింది. “పిల్లలిద్దరికీ తీవ్రమైన జ్వరం. అయిదు రోజులు మంచం దిగకూడదన్నారు. ఇది మీ ఆయన రాసింది. ఒకే ఇల్లు, ఒకే వారం. ఒక చీటీలో సముద్రం, ఇంకో చీటీలో జ్వరం. జ్వరంతో సముద్రానికి వెళ్లారా, లేక సముద్రానికి వెళ్లాక జ్వరం వచ్చిందా?”

అటెండరు నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

“మా ఇంట్లో ఎవరి డ్యూటీ వాళ్లది మేడమ్,” అంది డేగ. “చీటీలు కూడా ఎవరివి వాళ్లు రాశాం.”

మేడమ్ నవ్వలేదు. కళ్లజోడు తీసి, ముక్కు మీద పడ్డ గుంటలు రుద్దుకుని, గొంతు తగ్గించింది.

“చూడండమ్మా. నేను మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని పిలవలేదు. మీ చీటీ మీరు వెనక్కి తీసుకోండి. సముద్రం చీటీ. ఇంటికెళ్లి చింపేయండి. జ్వరం చీటీ నా దగ్గర ఉంటుంది. దాని కింద ఎవరో ఒక డాక్టరు చేత రాయించుకు రండి. జ్వరమైతే మూడు రోజులు మాఫీ చేసే అధికారం నాకుంది. పిల్ల పరీక్ష రాస్తుంది. అయిపోయింది.”

డేగకు ముందు ఈ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక అరికాలి నుంచి మంట లేచింది. వాళ్ల ఫ్యాక్టరీలో రెండేళ్ల కిందట ఒకామె మేనత్త పోయిందని చీటీ రాసి, చెల్లెలి పురిటికి వెళ్లొచ్చింది. బతికున్న మేనత్తను ఎవరో చూశారు. షిఫ్టు మారే వేళ గేటు దగ్గర నిలబెట్టి, అందరూ చూస్తుండగా ఆమె కోటు విప్పించి పంపేశారు. ఆ రోజు నుంచి డేగ ఏ కాగితం మీదా ఉన్నది తప్ప రాయదు. ఇక్కడేమో ఉన్నది రాసినందుకే పిల్లకు ఏడాది కొట్టేస్తామంటున్నారు.

“అంటే,” అంది నెమ్మదిగా, “అబద్ధం రాసిన మా ఆయన పాసు. నిజం రాసిన నేను ఫెయిలు.”

“నేనలా అనలేదు.”

“నోటితో అనలేదు.”

“పిల్లల చదువు కంటే షికారు ఎక్కువా మీకు? ఏటా అంతంత సెలవులిస్తున్నాం. అప్పుడు తీసుకెళ్లొచ్చు కదా? బడి నడుస్తుండగా ఎవరి ఇష్టం వచ్చినప్పుడు వాళ్లు మాన్పించుకుపోతే ఇక గంట కొట్టడం దేనికి, పాఠం చెప్పడం దేనికి?”

“మీ సెలవులకు మా బాయిలర్ ఆగదు మేడమ్.”

“దానికి నేనేం చెయ్యను?”

“మీరేం చెయ్యక్కర్లేదు. మీ గంటకూ మా బాయిలర్‌కూ కుదరకపోతే తప్పు మా పిల్లది ఎట్లా అయిందో అది చెప్పండి.”

పెద్దది వెనక నుంచి “అమ్మా” అని చిన్నగా అంది. డేగ వినిపించుకోలేదు. ఆమె కళ్ల ముందు ఇసుక ఉంది. మిట్టమధ్యాహ్నం ఇసుకలో వెల్లకిలా పడి గుర్రుపెట్టి నిద్రపోతున్న డ్రైవరు. పిల్లలిద్దరూ కూడబలుక్కుని అతని కాళ్లు మోకాళ్ల దాకా పూడ్చేశారు. చిన్నది వచ్చి ఆమె చెవిలో అడిగింది, “నాన్న పగలు కూడా మనతోనే ఉంటాడా అమ్మా?” ఏడేళ్ల పిల్ల అడిగిన ప్రశ్న. సముద్రం చూడ్డానికే వెళ్లామని చీటీలో రాసింది గానీ, నలుగురూ ఒకే వేళకు మెలకువగా ఉండటం ఎలా ఉంటుందో చూసి రావడానికి వెళ్లారని ఆమెకు అప్పుడు తెలిసింది. దానికి చీటీలో ఏ కారణం రాయాలి?

“ఇంకో మాట అడుగుతాను మేడమ్. వానల్లో చిన్నదానికి తట్టు పోసింది. నాకు సెలవు ఇవ్వలేదు, ఆయనకూ ఇవ్వలేదు. పెద్దది తొమ్మిది రోజులు బడి మాని దాని పక్కన కూర్చుంది. తడిగుడ్డ వేసింది, మందు పట్టింది. అప్పుడు మీరు కబురు పెట్టలేదే? తొమ్మిది రోజులు ఇంటికి కాపలా కూర్చుంటే చదువు పాడవలేదు. అయిదు రోజులు నవ్వితే పాడైపోయిందా?”

జవాబు లేనివాళ్లు రిజిస్టరు తెరుస్తారు. మేడమ్ కూడా తెరిచింది. తొమ్మిదో తరగతి హాజరు పట్టీ. వేలితో ఒక వరుస చూపించింది. “మీరే చూడండి. ఎర్ర సిరా. ఇదిగో తొమ్మిది, ఇదిగో అయిదు.”

పుస్తకం మేడమ్ వైపు తిన్నగా, డేగ వైపు తలకిందులుగా ఉంది. మేడమ్ ఆ పొరపాటు చేసి ఉండాల్సింది కాదు. డేగ కన్ను పెద్దదాని వరుస మీద ఆగలేదు. అలవాటు కొద్దీ పేజీ అంతటినీ ఒక్క ఊపులో చుట్టేసింది. రెండు వరుసల పైన ఏదో తేడాగా ఉంది. వరసగా పదకొండు గళ్లలో ఆకుపచ్చ సిరా.

“ఆ పచ్చ సిరా ఏంటి?”

“అది మీకు సంబంధం లేనిది.”

“పదకొండు రోజులు రాలేదు. ఎరుపు లేదు. వి, యా అని రాసుంది. ఏంటది?”

మేడమ్ రిజిస్టరు మూయబోయింది. ఈసారి మాట్లాడింది పెద్దది. “విద్యాయాత్ర అమ్మా. బడి కమిటీ అధ్యక్షుడు గారి అబ్బాయి. వాళ్లింట్లో అందరూ మంచుకొండలకి వెళ్లొచ్చారు. క్లాసులో ఫోటోలు చూపించాడు. సారు మా అందరి చేతా చప్పట్లు కొట్టించారు.”

“నువ్వు కొట్టావా?”

“కొట్టాను.”

పెద్దోళ్ల పిల్లలు మంచు మీద జారితే యాత్ర. కూలోళ్ల పిల్లలు ఇసుకలో ఆడితే గైర్హాజరు. ఒకే పేజీలో, రెండు వరుసల తేడాలో, రెండు రంగుల సిరా. ఇలాంటి పేజీలు ఎన్ని బళ్లలో ఎన్ని రిజిస్టర్లలో ఉన్నాయో గానీ, తలకిందులుగా చదవగలిగే తల్లి ఎదురుగా కూర్చునే దాకా ఎవరికీ కనపడవు.

“ఆ యాత్రకు రూలేంటో చెప్పండి మేడమ్.”

“చెప్పానుగా, అది...”

“రూలు లేకుండా ఆకుపచ్చ సిరా ఎవరూ కొనరు కదా.”

మేడమ్ వెనక్కి వాలింది. ఆమె చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషైతే పని తేలికయ్యేది. “తల్లిదండ్రులు ముందుగా, సొంత దస్తూరితో, కారణం చూపి చీటీ ఇవ్వాలి. తిరిగొచ్చాక పిల్లవాడు చూసిందంతా రెండు పేజీలు రాసివ్వాలి,” అంది, వల్లించినట్టు.

“ముందుగా ఇచ్చానా లేదా?”

“ఇచ్చారు. మూడు రోజుల ముందు.”

“సొంత దస్తూరే కదా?”

“అవును.”

“కారణం ఉందిగా. సముద్రం.” డేగ కూతురి వైపు తిరిగింది. “ఏమే, రెండు పేజీలు రాస్తావా?”

“నాలుగు రాస్తా,” అంది పెద్దది.

మేడమ్ ఇద్దరినీ చూసింది. మొహంలో కోపం ఉండాల్సిన చోట అలసట ఉంది. “నేనూ ఇద్దరు పిల్లల్ని పెంచానమ్మా,” అంది. “వాళ్ల సెలవులన్నీ నేను పరీక్ష పేపర్లు దిద్దుతుంటే నా వీపు చూస్తూ గడిపారు. నాకు తెలియదనుకోకండి. అయినా చెబుతున్నాను. జ్వరం చీటీ ఉంచెయ్యడమే మీకు మంచిది. నా మాట వినండి.”

“మీ కడుపుమంటా నా కడుపుమంటా ఒకటే అయితే, అబద్ధం మాత్రం నా చేత ఎందుకు చెప్పిస్తారు?”

“నా మాట వినండమ్మా. ఆ చీటీ ఉంచండి.”

రెండోసారి అన్నప్పుడు మేడమ్ ఒక్కో మాటనూ ఒత్తి పలికింది. డేగ అది బెదిరింపు అనుకుంది. గెలుపు చేతికందే దూరంలో ఉన్నప్పుడు మనిషికి ఎదుటివాడి గొంతులో బెదిరింపు తప్ప ఇంకోటి వినపడదు.

“పచ్చ సిరా వెయ్యండి. దానికి నేనేం రాయాలో చెప్పండి.”

మేడమ్ చీటీల రిజిస్టరు తీసి ముందు పెట్టింది. “రెండు చీటీలున్నప్పుడు ఒకటి రద్దు చెయ్యాలి. రద్దు చేసిన కారణం కూడా రాయాలి.”

డేగ రాసింది. పిల్లలకు జ్వరం రాలేదు. జ్వరమని మా ఆయన రాసిన చీటీ అబద్ధం. మేం సముద్రానికి వెళ్లాం. కింద సంతకం, తేదీ. ప్రతి అక్షరం ముద్ర కొట్టినట్టు రాసింది. కలం కింద పెట్టి కూతురి భుజం పట్టుకుని ముందుకు లాగింది.

“చూడు. చదువుకో. రేపు నిన్నెవరడిగినా ఇదే చెప్పు. తల దించుకోకు.”

మేడమ్ పచ్చ సిరా కలం తీసి, పెద్దదాని వరుసలో అయిదు గళ్లు నింపింది. ఒక్కో గడీ నింపడానికి ఒక్కో ఏడాది పట్టినట్టు నింపింది. తర్వాత చీటీల రిజిస్టరు అటెండరు చేతికిచ్చి, “గుమాస్తా గారి చేత నంబరు వేయించుకు రా,” అంది. అటెండరు వెళ్లాడు. డేగ లేచి నిలబడింది. పన్నెండేళ్లలో బెల్టు మీద నుంచి ఎన్ని వేల పొట్లాలు లాగేసిందో తెలియదు, కానీ ఒకదాన్ని తిరిగి బెల్టు మీద పెట్టగలిగింది ఇవాళే.

“ఒక్క నిమిషం కూర్చోండి,” అంది మేడమ్. లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. సొరుగు లాగి, మడత పెట్టిన కాగితం ఒకటి డేగ చేతిలో పెట్టింది. పైన బస్సు డిపో ముద్ర. “నిన్న వచ్చింది. మీకు చూపించకూడదు. నంబరుకు పంపాక చూపిస్తున్నాను, ఇక చూపించకపోవడం పాపం అనిపించి.”

డేగ చదివింది.

‘మా డిపోలో పనిచేయు డ్రైవరు, తన పెద్దకుమార్తె తీవ్ర జ్వరముతో ఆస్పత్రిలో ఉన్నదని తెలిపి అయిదు దినములు అత్యవసర సెలవు పొందియున్నాడు. సదరు బాలిక మీ పాఠశాలకు గైర్హాజరైన కారణము మీ రికార్డుల ప్రకారము తెలియజేయగలరు. గతములో ఒక హెచ్చరిక ఉన్నందున, అసత్యమని తేలినచో అతడు ఉద్యోగము నుండి తొలగింపబడును. ఈ విషయము అతని కుటుంబమునకు తెలియనీయరాదు.’

రెండోసారి చదివింది. కళ్లు మోసం చెయ్యవు. జాబితా లేదు. అతని పేరు రాలేదు. నిద్ర లేపి మరీ చెప్పిన మాట అబద్ధం. బడికి రాసిన జ్వరం డిపోకు చెప్పిన జ్వరమే, ఒకదానికొకటి సరిపోవాలని రాశాడు. ఇదంతా గుండెల మీద పెట్టుకుని ఇసుకలో అలా ఎలా నిద్రపోయాడు? పిల్లలు కాళ్లు పూడుస్తుంటే కదలకుండా ఎలా పడుకున్నాడు? ఆమెకు ముందు అతని మీద కోపం వచ్చింది. ఆ తర్వాత వచ్చినదాన్ని ఏమనాలో తెలియలేదు. తొమ్మిదేళ్లు ఆగి ఆగి, ఇక జాబితాలో తన పేరు ఎప్పటికీ రాదని తెలిసిపోయిన మనిషి చేసిన పని అది.

“మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను,” అంది మేడమ్. “ఆ చీటీ వెనక్కి తీసుకోండని.”

“ఒక్క మాట ముందు చెప్పి ఉంటే.”

“చెబితే నా ఉద్యోగం. ఇప్పుడు చెప్పినా అంతే.”

పెద్దది కాగితం మీదకు వంగి తల్లి భుజం పై నుంచి చదివేసింది. డేగ మడిచి దాచేలోగానే చదివేసింది. పిల్లకు కూడా ఆ కన్నే వచ్చింది, ఏం చేస్తాం.

“ఆ పేజీ చింపేయండి మేడమ్.” డేగ బల్ల మీదకు వంగింది.

“నంబరు పడి ఉంటుంది ఈపాటికి. పేజీల లెక్క రాసి ఉంటుంది. చింపితే ముందు పోయేది నేను, తర్వాత మీ అమ్మాయి పరీక్ష. అధ్యక్షుడి కొడుకు వరుస కిందే మీ పిల్లకూ పచ్చ సిరా పడిందని సాయంత్రానికి ఆయనకు తెలుస్తుంది, నిలదీస్తాడు. ఆ పేజీ ఒక్కటే మీ పిల్లకు అండ.”

పేజీ ఉంటే తండ్రి ఉద్యోగం పోతుంది. పేజీ పోతే కూతురి ఏడాది పోతుంది. రాసింది ఆమె చెయ్యే. ఎవరూ పట్టుకుని రాయించలేదు.

తలుపు మీద రెండుసార్లు తట్టి, సమాధానం కోసం ఆగకుండా ఒక మనిషి లోపలికి వచ్చాడు. చంకలో ఫైలు, జేబులో రెండు కలాలు, మొహాన మంచితనం. “డిపో నుంచి వచ్చాను మేడమ్. పదింటికి జవాబు సిద్ధంగా ఉంచుతామన్నారు.” డేగ చేతిలోని కాగితం ఆమె నీలం కోటు జేబులోకి ఎప్పుడు వెళ్లిందో ఆమెకే తెలియదు. మేడమ్ తెరిచి ఉన్న సొరుగు మూసేసింది.

అతని చూపు కుర్చీ వెనక నిలబడ్డ పిల్ల మీద పడింది. తేరిపార చూసి నవ్వాడు.

“మా డ్రైవరు గారి పెద్దపాప నువ్వే కదూ? ముక్కు అచ్చం మీ నాన్నదే. ఇప్పుడు ఎలా ఉందమ్మా ఒంట్లో? ఆస్పత్రిలో ఎన్ని రోజులు ఉంచారు?”

పెద్దది తల దించుకోలేదు. తల్లి వైపు చూడనూ లేదు. ఆ మనిషి కళ్లలోకి సూటిగా చూస్తూ నోరు తెరిచింది.